వయోలాలకు రాసిన ఎనిమిది గడులు

మా అక్క సంగీతం రాస్తుంది, నేను దాన్ని ముక్కలు చేస్తాను. కోపంలో అంటున్న మాట కాదు, నా పనే అది. ఆర్కెస్ట్రాలో అందరూ వాయించేదంతా ఒకదాని కింద ఒకటిగా పెద్ద కాగితాల మీద అక్క రాస్తుంది. అందులోంచి ఎవరి వరస వాళ్ళకు విడదీసి, వయోలిన్ వాళ్ళకు వయోలిన్‌ది, బాకా వాళ్ళకు బాకాది, చదువుకోవడానికి వీలుగా నేను రాసిస్తాను. రెండు చేతులూ వాద్యం మీద ఉన్నప్పుడు పేజీ అయిపోతే వాయించే మనిషి ముక్కుతో తిప్పలేడు కదా. అందుకని వాళ్ళకు కాస్త విరామం దొరికే చోటు చూసి పేజీ ముగించాలి. ఇదేదో మహావిద్య అని నేననను. కానీ నా పేజీలకు వంక పెట్టినవాళ్ళను మాత్రం ఊరికే వదిలిపెట్టను.

కాగితాలు అందుకుని అందరూ మొదటిసారి కూర్చున్న ఆ ఉదయం రిహార్సల్లో వంక పెట్టింది వయోలా అమ్మాయి.

అమ్మాయి అంటున్నానే గానీ ముప్పై అయిదు దాటే ఉంటాయి. ఒకప్పుడు అక్క దగ్గర రచన నేర్చుకోవడానికి మా ఇంటికి వచ్చేది, నన్ను పిన్నిగారూ అని పిలిచేది. తర్వాత రాయడం మానేసి వాయించడంలో పడింది. వయోలా అంటే వయోలిన్‌కి పెద్దక్క అనుకోండి. ఒళ్ళు కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు, చాకిరీ అంతా దానిది, పాటలన్నీ చెల్లెలివి. మా అక్క మాత్రం ఈసారి ఆ లెక్క మార్చింది. తన జీవితంలోకెల్లా పెద్ద రచనలో, సరిగ్గా నడిమధ్యలో, ఎనిమిది గడుల పాట వయోలాలకు ఇచ్చింది. కాగితం మీద రెండు నిలువు గీతల మధ్య చోటుని మేం గడి అంటాం. ఆ ఎనిమిది గడుల్లో మిగతావాళ్ళంతా కిక్కురుమనకుండా కూర్చుంటారు. మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వాద్యాలు, చెల్లోలు, కింద ఒక్క స్వరం పట్టుకుని ఉంటాయి, దానిమీద వయోలాలు పాడతాయి. రాసిస్తున్నప్పుడే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలాంటివి నాకు ఊరికే తిరగవు.

మర్నాడు సాయంత్రమే కచేరీ. కొత్తగా కట్టిన హాలు ఆ రచనతోనే తెరుచుకోబోతోంది. ముప్పై ఏళ్ళుగా అక్క కాలేజీలో పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో రాస్తూ వచ్చింది. మా రంగంలో కొత్త రచన గతి పెళ్ళిబట్టల గతే. ఒక్కసారి తొడిగి, అందరూ బాగుందని, బీరువాలో పెట్టేస్తారు. అక్కవి అలా ఒక బీరువా నిండా ఉన్నాయి. ఈసారి హాలు డైరెక్టర్ స్వయంగా మా ఇంటికి వచ్చి, "ఇది అనుకున్నట్టు జరిగితే వచ్చే ఏడాదంతా మా దగ్గర మీ రచనలేనండీ. పాతవన్నీ బయటికి తీద్దాం. కచేరీ అవగానే అందరి ముందూ నేనే చెబుతాను" అన్నాడు. ఆయన వెళ్ళాక అక్క వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. నాకు వినపడదనుకుంది కాబోలు. అరవై ఒక్కేళ్ళ మనిషి.

అంచేత ఆ ఉదయం రిహార్సల్లో నేను ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చున్నాను. అన్నీ సజావుగా సాగుతున్నాయి. కర్ర పట్టుకుని అందర్నీ నడిపించే ఆయన్ని మేమంతా చాటుగా కర్రాయన అంటాం. ఎప్పుడూ మొహం మాడ్చుకుని ఉండే ఆ కర్రాయన కూడా కాస్త నవ్వుమొహం పెట్టాడు. వయోలాల పాట వచ్చింది. రెండో గడిలో వయోలా అమ్మాయి తీగల మీద ఆడించే బో దించి ఒళ్ళో పెట్టేసుకుంది. పక్కనున్న వాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. తను ఎదురుగా ఉన్న కాగితాన్ని చూస్తూ కూర్చుంది, కాగితం తిట్టినట్టు.

కర్రాయన ఆపాడు. "ఏమ్మా, ఏమైంది?"

"పేజీ తిప్పడం కుదరలేదండీ," అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ చోట పేజీయే తిరగదు. వయోలాల పాటంతా ఒకే పేజీ మధ్యలో, చుట్టూ ఊపిరాడేలా, నేను ముచ్చటపడి రాసిన పేజీ అది. అక్క నావైపు తిరిగి కనుబొమలు ఎగరేసింది. తలకొట్టేసినట్టయింది. విరామం ఇవ్వగానే ఆ పిల్ల సంగతేమిటో తేల్చుకుందామని వెనకాలే వెళ్ళాను.

వాద్యాల పెట్టెలు పెట్టుకునే గదిలో దొరికింది. గోడల వెంట ఖాళీ పెట్టెలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తను ఒక బల్లమీద కూర్చుని వయోలాని గుడ్డతో తుడుస్తోంది.

"పేజీ తిప్పడం కుదరలేదా? అక్కడ పేజీ ఎక్కడ తిరిగిందో ఒకసారి చూపించు తల్లీ, నేనూ నేర్చుకుంటాను," అన్నాను.

"మీ పేజీల్లో తప్పు లేదు పిన్నిగారూ. ఏదో నోటికొచ్చింది చెప్పాను."

"నోటికి రావడానికి నా పనే దొరికిందా?"

"మరేం చెప్పమంటారు? ఆ పాట నాది అని అందరి ముందూ చెప్పమంటారా?"

ముందు నాకు నవ్వొచ్చింది. ఇలాంటివి మాకు కొత్త కాదు. ఉన్న కాసిని స్వరాలనే అటూ ఇటూ తిప్పి లోకమంతా రాస్తోంది, పోలికలు తగలక మానవు. ఆ మాటే చెప్పాను. తను వాదించలేదు. వయోలా భుజానికెత్తుకుని ఆ ఎనిమిది గడులూ వాయించింది. కాగితం ఎదురుగా లేదు. ఎనిమిదో గడి అయ్యాక ఆగలేదు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. అక్క ఆ పాట దగ్గర రెండు నెలలు ఇరుక్కుపోయింది. ఎనిమిదో గడి తర్వాత ఏం రాసినా అతికేది కాదు. రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం. రబ్బరు పొట్టు నేనే ఊడ్చేదాన్ని. ఆఖరికి విసిగిపోయి పాటను మధ్యలో తెంచేసి, బాకాలన్నింటినీ ఒక్కసారిగా మీదకి తోలింది. అడిగినవాళ్ళకు కావాలనే తెంచానని చెప్పింది. కర్రాయన అదే గొప్ప సంగతి అన్నాడు. కావాలని కాదని నాకొక్కదానికే తెలుసు.

వయోలా అమ్మాయి తొమ్మిదో గడి వాయించింది, పదో గడి వాయించింది. పాట ఇంటిదారి తెలిసిన మనిషిలా, తడుముకోకుండా నడిచి వెళ్ళిపోయింది.

తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. చేతిలో కాఫీ కప్పు. ఎప్పటినుంచి ఉందో తెలియదు.

"అక్కడికా వెళ్ళేది," అంది మెల్లగా. ఆ ఒక్క మాటతో నాకు అంతా అర్థమైంది. అక్క మొహం పాలిపోయింది.

వయోలా అమ్మాయి లేచి నిలబడింది. ఎంత కోపమున్నా మేడమ్ కనిపిస్తే లేచి నిలబడే అలవాటు పోలేదు.

"ఎప్పుడు రాశావు?" అక్క అడిగింది.

"మీ దగ్గర రెండో ఏడు. పన్నెండేళ్ళయింది. మీరే వాయించారు కదా మేడమ్."

అక్క పాఠం చెప్పే పద్ధతి ఒకటుంది. విద్యార్థి రాసుకొచ్చింది కళ్ళతో చూసి చెప్పదు. పియానో ముందు కూర్చుని మొదటినుంచి చివరిదాకా తనే వాయిస్తుంది. ముందు నా చేతులకు తెలియాలి, తర్వాతే నా నోటికి, అనేది. ఆ పద్ధతికి కాలేజీలో పెద్ద పేరు. వేరే ఊళ్ళ నుంచి వచ్చి చూసి వెళ్ళేవారు. ముప్పై ఏళ్ళలో ఎంతమంది పిల్లల పాటలు ఆ చేతుల్లోకి వెళ్ళాయో, అందులో ఎన్ని లోపలే ఉండిపోయాయో, అప్పటిదాకా నేను గానీ తను గానీ ఆలోచించిన పాపాన పోలేదు.

"వాయించి నేనేమన్నాను?"

"చెవి ఉంది, ఓపిక ఉంది, చెప్పడానికే నీ దగ్గర ఏమీ లేదు అన్నారు. ఇంటికెళ్ళి అన్నీ చింపేశాను. మళ్ళీ ఒక్క గీత గీయలేదు."

అక్క కాఫీ కప్పు పెట్టడానికి చోటు వెతుక్కుంది. ఎక్కడా దొరక్క నా చేతికిచ్చింది. నాకు అక్కమీద కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ జాలి వేసింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో మనిషికి ఎవరూ నేర్పరు.

"నాకు తెలియదు. నాదే అనుకున్నాను. రాస్తున్నప్పుడు ఇన్నాళ్ళకి వచ్చింది కదా అని మురిసిపోయాను కూడా. నీ పేరు వేయిస్తాను. ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను."

"పేరొద్దు మేడమ్."

"మరి?"

"ఎనిమిది గడులకు పేరేమిటి? మీరు బాగుందనుకుని ఉంచిన ముక్కకి నా పేరు పెడితే, మిగతాది బాగోలేదని నేనే ఒప్పుకున్నట్టు. అది మొత్తంగా ఒక రచన. నా పాట నాకిచ్చేయండి. తీసేయండి అందులోంచి."

"రేపు కచేరీ," అన్నాను నేను ఉండబట్టలేక.

"తెలుసు పిన్నిగారూ. నేనూ వాయించాలిగా."

అక్క కాదంటుందేమోనని చూశాను. నిజం చెప్పాలంటే కాదనాలనే కోరుకున్నాను. ఎవరికి తెలుస్తుంది? ఆ పిల్ల దగ్గర రుజువేం ఉంది, అన్నీ చింపేశానని తనే చెప్పింది. ఎప్పుడో ఓ విద్యార్థి, ఏదో అక్కసు అంటే అందరూ నమ్మేస్తారు. వచ్చే ఏడాదంతా అక్క రచనలు. బీరువా ఖాళీ అవుతుంది. ఆ లెక్కలన్నీ అక్క కళ్ళలోనూ తిరగడం నేను చూశాను.

"సరే," అంది అక్క.

కర్రాయనకి చెబితే అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. అక్క ఏమీ దాచకుండా చెబుదామని నోరు తెరిచింది గానీ, ఆయన వినే స్థితిలో లేడు. "కారణాలు నాకెందుకండీ? కచేరీ ముందురోజు రచనకి గుండెకాయ కోసేస్తానంటారా? సరే, తీసేసి ఆ చోట ఇంకేదన్నా పెట్టండి. మధ్యాహ్నం రెండోసారి కూర్చునేలోపు ఇవ్వండి," అన్నాడు.

అక్క పై అంతస్తులో పియానో ఉన్న గదిలో కూర్చుంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద రోడ్డుమీద హాలు తాలూకు పెద్ద పోస్టరు కడుతున్నారు, దానిమీద అక్క ఫొటో. నిచ్చెన మీదున్న అతను మొహం దగ్గర ముడతలు పోయేలా అరచేత్తో సర్దుతున్నాడు. అక్క పియానో మెట్ల మీద చేతులు పెట్టింది. వచ్చింది ఆ పాటే. తీసేసి మళ్ళీ పెట్టింది. వేరే స్వరంతో మొదలుపెట్టినా మూడో అడుగులో అదే దారి పట్టింది. చేతులు తనవి కానట్టు ఒళ్ళో పెట్టుకుని వాటిని చూసుకుంది.

"చిన్నీ," అంది. నన్ను ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. "మిగతాదంతా నాదేనంటావా?"

నీదేలే అని ఓదారిస్తే చెంపమీద కొట్టినట్టుంటుంది. తెలియదంటే ఇంకా ఘోరం. "ముందు ఈ ఎనిమిది గడుల సంగతి చూడు," అన్నాను కసిరినట్టు.

"ఏమీ పెట్టను. ఖాళీగా వదిలేయి," అంది.

గడులే ఎగరగొట్టి ముందుకు దూకితే కుదరదు. ముందున్న వేగం మీదనే బాకాలు వచ్చి పడితే ఇద్దరు మనుషులు మలుపులో ఢీకొన్నట్టుంటుంది. కాబట్టి గడులు ఉంటాయి, వాటిలో ఎవరూ వాయించరు. వాయించకుండా లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. మిగతావాళ్ళంతా ఆ చోట ఎలాగూ ఊరుకునే ఉన్నారు గనక వయోలాల కాగితాలూ చెల్లోల కాగితాలూ మారిస్తే చాలు. సన్నటి కాగితం ముక్కలు కోసి, నేను ముచ్చటపడి రాసిన పాటమీద ఒక్కొక్కటే అతికించాను. ప్రతి ముక్కమీదా అడ్డంగా లావుపాటి గీత, పైన ఎనిమిది అంకె. అంటే ఎనిమిది గడులు నోరు మూసుకోమని. వయోలా అమ్మాయి కాగితం మీద అతికిస్తుంటే జిగురు వేళ్ళకంటుకుని ముక్క వంకరపోయింది. పీకి మళ్ళీ అతికించాను. నా ఇరవై అయిదేళ్ళ పనిలో అంత వెధవ పని ఇంకోటి చేయలేదు.

కచేరీ మొదలైంది. కొత్త హాలు, కొత్త చెక్క వాసన, ఒక్క కుర్చీ ఖాళీ లేదు. అక్క పక్కన కూర్చున్నాను. రచన ఎక్కివస్తుంటే నేను గడులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ చోటు వచ్చింది. కర్రాయన చేతులు దించలేదు. శబ్దం లేకుండా కర్ర ఆడిస్తూ ఒకటో గడి, రెండో గడి లెక్కపెడుతున్నాడు. వేదికమీద అంతమంది ఉండి ఒక్కరు కదలరు. కింద ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. నేను వయోలా అమ్మాయినే చూస్తున్నాను. తన బో తీగల మీదకు లేచింది. అక్క నా మణికట్టు పట్టుకుంది. వాయించేస్తుందనుకున్నాను. పన్నెండేళ్ళు కడుపులో పెట్టుకున్న మనిషి ఇప్పుడు కాక ఎప్పుడు వాయిస్తుంది? ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. బో అలాగే గాల్లో ఉండిపోయింది, తగలకుండా. తర్వాత బాకాలు వచ్చాయి, తను బో దించుకుంది.

చప్పట్లు ఆగలేదు. అక్కని నాలుగుసార్లు వేదిక మీదకు పిలిచారు. నాలుగుసార్లూ ఉరికంబం ఎక్కేదానిలా వెళ్ళి వచ్చింది.

తర్వాత హాలు పక్కనున్న పెద్ద గదిలో అందరూ కాఫీ కప్పులతో చేరారు. పత్రికలవాళ్ళు, కాలేజీవాళ్ళు, వాయించినవాళ్ళు. డైరెక్టర్ అక్క చెయ్యి పట్టుకుని గది నడుమకు తీసుకొచ్చాడు. అక్క వదిలించుకోబోతే మర్యాద అనుకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళలో ఎన్నో విన్నాను," అన్నాడు అందరికీ వినపడేలా. "అంతమందిని కూర్చోబెట్టి ఆ నిశ్శబ్దం రాయడానికి ఎంత ధైర్యం కావాలండీ. నాకైతే అందులో ఏదో పాట వినిపించింది. ఆ ఎనిమిది గడుల కోసమే ఈ హాలు కట్టామనిపించింది." చుట్టూ తలలు ఊగాయి. నిన్న గుండెకాయ కోసేశారని ఎగిరిన కర్రాయన కూడా ఊపాడు, అది తన ఆలోచనే అన్నంత గంభీరంగా. "ఇక మీకో మంచి మాట చెప్పాలి, వచ్చే ఏడాది..."

"ఆగండి," అంది అక్క. ఆయన ఆగలేదు. మళ్ళీ అంది. "ఆగండి. ఆ నిశ్శబ్దం నాది కాదు. అక్కడ వేరేవాళ్ళ పాట ఉంది. మీకు వినిపించింది అదే."

డైరెక్టర్ మొహం వెలిగిపోయింది. "విన్నారా, ఎంత అందంగా చెప్పారో," అన్నాడు. గదంతా మెచ్చుకోలుగా నవ్వింది. పత్రికావిడ ఆ మాట గబగబా రాసుకుంది. మళ్ళీ చప్పట్లు.

అక్క అలాగే నిలబడింది. మనిషి ప్రాణం కూడగట్టుకుని నిజం చెబితే కవిత్వం కింద జమకట్టేశారు. ఇక చాలు, నీ వంతు నువ్వు చెప్పావు, వదిలేయి అని నా మనసు గోల పెట్టింది. వదిలేసినా తప్పుపట్టేవాళ్ళు లేరు.

వయోలా అమ్మాయి జనాన్ని తప్పించుకుంటూ ముందుకు వచ్చింది. భుజాన పెట్టె ఉంది. ఇంటికి బయల్దేరిన మనిషి వెనక్కి తిరిగి వచ్చిందని తెలుస్తోంది.

"నా పాట తీసేశారు," అంది అక్కతో. పెద్దగా అనలేదు గానీ దగ్గరున్నవాళ్ళంతా తిరిగి చూశారు. "తీసేస్తే మిగిలిన గొయ్యి కూడా మీకే పేరు తెచ్చింది. మళ్ళీ చెప్పండి మేడమ్. వీళ్ళకి అర్థం కాలేదు."

డైరెక్టర్ ఏదో అనబోయాడు. అక్క తన చెయ్యి ఆయన చేతిలోంచి లాక్కుంది.

"ఈ అమ్మాయి నా విద్యార్థి," అంది. ఈసారి గొంతు తరగతి గదిలో గొంతు, చివరి బెంచీ దాకా వినపడేది. "అక్కడ ఉండాల్సిన పాట తను రాసింది, పన్నెండేళ్ళ కింద. అందులో ఏమీ లేదని చెప్పి తనచేత రాయడమే మానిపించాను. ఆ తర్వాత అదే పాట నాదనుకుని రాసుకున్నాను. నిన్న తను చెబితే గానీ నాకు తెలియలేదు. తీసేయమంది, తీసేశాను. అక్కడ ఇంకేదైనా పెడదామంటే నాకు చేతకాలేదు. మీరు చప్పట్లు కొట్టింది దానికి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎక్కడో ఒక కప్పు సాసర్లో గణగణలాడింది. పత్రికావిడ రాయడం ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది. డైరెక్టర్ చదువుదామని జేబులోంచి తీసిన కాగితాన్ని మడిచి లోపల పెట్టుకున్నాడు. అక్క వచ్చే ఏడాది అంతా ఆ జేబులోకి వెళ్ళిపోవడం నేను చూశాను. అక్కా చూసింది. నేను వెళ్ళి పక్కన నిలబడదామనుకుని ఆగిపోయాను. ఆ కాసేపూ ఎవరి ఆసరా లేకుండా నిలబడటమే తనకి మర్యాద అనిపించింది.

అక్క వయోలా అమ్మాయి వైపు తిరిగింది. "మళ్ళీ రాస్తావా?"

"రాస్తాను. నిన్న ఇంటికెళ్ళి మొదలుపెట్టాను. సగం గుర్తుంది, సగం కొత్తగా వస్తోంది."

అక్క మొహంలో ఒక ఆశ కదిలింది, పసిపిల్లలకు కలిగేలాంటిది. "అయ్యాక..." అంటూ ఆగింది.

"లేదు మేడమ్," అంది ఆ అమ్మాయి, కోపం లేకుండా. "మీకు వినిపించను."

అక్క తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వినిపించకు," అంది.